ముందు చక్రం తగిలితే

పిల్లలూ,

మొన్న టూర్ డి ఫ్రాన్స్, అదే మూడు వారాల సైకిల్ పందెం, చూస్తున్నప్పుడు, "తాతయ్యా, ఇంత బాగా తొక్కేవాళ్లు అంతమంది ఒకేసారి ఎలా పడిపోతారు?" అని అడిగారు. ఆ కుప్ప చూసి నాకూ గుండె ఝల్లుమంది, వెంటనే జవాబు రాలేదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

గంటకు 45 కిలోమీటర్ల వేగంతో తొక్కేవాడి బలమంతా దాదాపు గాలిని తోయడానికే పోతుంది. ఇంకొకరి వెనక చేరితే ఆ శ్రమ చాలా తగ్గుతుంది. అందుకే నూట డెబ్బై, నూట ఎనభై మంది ఒకే ముద్దగా కదులుతారు. ఆ గుంపునే పెలొటాన్ అంటారు. ముందువాడి వెనక చక్రానికీ, వెనకవాడి ముందు చక్రానికీ మధ్య ఒక్కోసారి జానెడు దూరం కూడా ఉండదు.

ఇప్పుడు ఆ రెండు చక్రాలనే దగ్గరగా చూడండి. సైకిల్ మీద మనం పడకుండా ఉండేది, మనకు తెలియకుండానే హ్యాండిల్‌ను కాస్త అటూ ఇటూ తిప్పుతూ ఉంటాం కాబట్టి. ఒళ్లు ఎడమకు ఒరిగితే ముందు చక్రం కూడా ఎడమకు తిరిగి, మళ్లీ మన బరువు కిందికి వచ్చి నిలబెడుతుంది. గుంపులో ఒక్కోసారి నీ ముందు చక్రం ముందువాడి వెనక చక్రం పక్కకు చేరుతుంది. అతను గుంత తప్పించడానికి బెత్తెడు పక్కకు జరిగాడనుకో, రెండూ రాసుకుంటాయి. నీ చక్రం తిరగాల్సిన వైపే అతని చక్రం గోడలా అడ్డుంటుంది. అతనికి చిన్న కుదుపు, అంతే. సాధారణంగా వెనక్కి కూడా చూడకుండా వెళ్లిపోతాడు. నువ్వు మాత్రం రోడ్డు మీద ఉంటావు. 50 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 14 మీటర్లు. నీ వెనకున్నవాళ్లకు ముందువాడి వీపు తప్ప ఏమీ కనబడదు. బ్రేకు మీద వేలు పడేలోపే వాళ్లూ నీ మీద ఉంటారు. ఆ కుప్పలో ఉన్నవాళ్లలో ఎక్కువమంది ఏ తప్పూ చేయలేదు.

మరి కాస్త దూరంగా తొక్కొచ్చు కదా అంటారేమో. ముందు వరుసల్లో ఉంటే వెనక పడేవాళ్ల బెడద ఉండదు, అందుకని అందరూ అక్కడికే ఎగబడతారు. రోడ్డు మాత్రం పది మందికే సరిపోతుంది. టూర్ మొదటి వారంలో అందరూ అలసట లేకుండా, తాజాగా ఉంటారు, అందరికీ గెలుపు మీద ఆశ ఉంటుంది. ఆ వారంలో టెన్షన్ అంతా ఇంతా కాదు.

ముందున్నంత మాత్రాన క్షేమమనీ కాదు. 2021 టూర్‌లో బ్రెస్ట్ నుంచి మొదలైన తొలి స్టేజీలో, అంటే మొదటి రోజు పందెంలో, ఒక ప్రేక్షకురాలు టీవీ కెమెరాకు కనబడాలని, వచ్చే గుంపుకు వీపు పెట్టి, అట్టముక్క పట్టుకుని రోడ్డు మీదికి వంగింది. ముందు వరుసల్లో ఉన్న టోనీ మార్టిన్ దానికి తగిలి పడ్డాడు. వెనక పదుల మంది కూలిపోయారు. ఆమెకు 1200 యూరోల జరిమానా పడింది. ఆమెను తిట్టిపోయడం నాకు ఇష్టం లేదు, కానీ ఆ దృశ్యం మాత్రం ఇప్పటికీ కళ్లముందు నుంచి పోదు.

నాకు కోపం వచ్చేది హెల్మెట్ విషయంలో. హెల్మెట్ లోపల థర్మాకోల్ లాంటి నురగ ఉంటుంది. దెబ్బ తగిలితే అది నలిగిపోయి, తలకు తగలాల్సిన దెబ్బను తాను తీసుకుంటుంది. ఒకసారి నలిగితే దాని పని అయిపోయినట్టే, పారేయాలి. 1991లో దాన్ని తప్పనిసరి చేయబోతే రైడర్లే ఎదురు తిరిగారు. ఎండ, ఉక్క, బరువు అన్నారు. 1995 జులై 18న, బార్సిలోనా ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచిన ఫాబియో కసర్తెల్లి, పిరనీస్ కొండల్లో పోర్తె దాస్పె కనుమ దిగుతూ పడి చనిపోయాడు. తల మీద హెల్మెట్ లేదు. మర్నాడు ఎవరూ పోటీ పడలేదు. అందరూ మెల్లగా తొక్కి, అతని జట్టువాళ్లను ముందుగా ముగింపు గీత దాటనిచ్చారు. అయినా నియమం రాలేదు. 2003 మార్చిలో పారిస్–నీస్ రేసులో ఆంద్రే కివిలెవ్ కూడా అలాగే పోయాక, ఆ మేలో వచ్చింది. ఆ మధ్య ఎనిమిదేళ్లు ఎందుకు ఆగారో నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

2020లో పోలండ్ టూర్, కటోవిత్సే ఊరు. గీత దగ్గర రోడ్డు పల్లంగా ఉండి, వేగం దాదాపు 80 కిలోమీటర్లకు చేరేది. డైలాన్ గ్రూనెవెగెన్ తన దారి వదిలి పక్కకు రావడంతో ఫాబియో యాకోబ్సెన్ బారికేడ్లలోకి దూసుకుపోయాడు. అవి అతన్ని ఆపలేదు, ఊడి ఎగిరిపోయాయి. డాక్టర్లు అతన్ని కోమాలో ఉంచాల్సి వచ్చింది. గ్రూనెవెగెన్‌ను తొమ్మిది నెలలు నిషేధించారు. తప్పు అతనిదే, కాదనను. కానీ పల్లంలో గీత గీసింది అతను కాదు కదా! యాకోబ్సెన్ మరుసటి ఏడాదే స్పెయిన్‌లో జరిగే వుయెల్టా రేసులో మూడు స్టేజీలు గెలిచాడంటే అది అతని గుండె నిబ్బరం.

కొండ దిగేటప్పుడు ఇంకో రకం భయం. అక్కడ గుంపు ఉండదు, వేగమూ మలుపూ లోయా ఉంటాయి. 2023లో స్విస్ టూర్‌లో గీనో మేడర్ అల్బులా కనుమ దిగుతూ లోయలో పడి చనిపోయాడు. సీటు ముందుండే అడ్డ గొట్టం మీదికి దిగి ముడుచుకు కూర్చుని దూసుకుపోవడాన్ని 2021 నుంచి నిషేధించారు. ఆ విద్య మీరు మాత్రం చేయకండి.

ఇప్పుడు మరికొన్ని మార్పులు వచ్చాయి. సమతలం స్టేజీల్లో చివరి 3 కిలోమీటర్లలో పడ్డవాడికి, పడేముందు తను ఉన్న గుంపు సమయమే ఇస్తారు. ఆ దూరాన్ని ఇప్పుడు 5 దాకా పెంచుకోవచ్చు. దాంతో అన్ని స్టేజీల సమయం కలిపి మొత్తం రేసు గెలవాలనుకునేవాళ్లు, గీత దగ్గర మెరుపు వేగంతో దూసుకెళ్లే స్ప్రింటర్లతో రాసుకుంటూ తొక్కాల్సిన పని తగ్గుతుంది. 2025 నుంచి ప్రమాదకరంగా తొక్కినవాళ్లకు పసుపు కార్డులున్నాయి. మోటార్ సైకిళ్లు, కార్లు నడిపేవాళ్లకు కూడా ఇస్తారు.

ఆ రోజు ఒకాయన మోచేతుల నుంచి రక్తం కారుతున్నా లేచి సైకిలెక్కితే మనం చప్పట్లు కొట్టాం గుర్తుందా? 2020 టూర్‌లో రొమైన్ బార్దే కూడా అలాగే లేచాడు. నిలబడలేక తూలాడు, అయినా చివరిదాకా తొక్కాడు. ఆ రాత్రి చూస్తే తలలో గాయం, టూర్ వదిలి వెళ్లాల్సి వచ్చింది. చిట్లిన మోచెయ్యి కనబడుతుంది, అదిరిన మెదడు కనబడదు. రేపు ఎవరైనా పడితే, అతను ఎంత త్వరగా సైకిలెక్కాడన్నది కాకుండా, డాక్టర్ అతని ముందు వంగి కళ్లలోకి చూశాడా లేదా అన్నది గమనించండి. చూడకపోతే నాకు ఫోన్ చేయండి, కలిసి కోప్పడదాం.

మీ
తాతయ్య