సిగ్నల్ నిండుగా ఉన్నా వైఫై ఎందుకు ఆగుతుంది?

కూకట్‌పల్లిలో అపార్ట్‌మెంట్‌లో ఉంటున్న ఒక పాఠకురాలి ప్రశ్న ఇది: "పగలంతా నెట్ బాగానే వస్తుంది. రాత్రి ఎనిమిది దాటిందంటే వీడియో గిర్రున తిరుగుతూనే ఉంటుంది. ఫోన్లో మాత్రం వైఫై గీతలు నిండుగా కనిపిస్తాయి. కంపెనీ మనిషి వచ్చి లైన్ బాగానే ఉందన్నాడు. రౌటర్ మార్చాలా?"

ముందు తప్పు ఎక్కడుందో తేల్చుకోవాలి. ల్యాప్‌టాప్‌లో రెండు కమాండ్ విండోలు తెరిచి, ఒకదాంట్లో రౌటర్ అడ్రస్‌కి (చాలా ఇళ్లలో 192.168.1.1), రెండోదాంట్లో 8.8.8.8కి (బయట ఉన్న గూగుల్ సర్వర్) ఆగకుండా పింగ్ పెట్టండి. పింగ్ అంటే చిన్న పలకరింపు పంపి, జవాబు ఎంతసేపట్లో వచ్చిందో చూపే కమాండ్. రౌటర్ నుంచి జవాబు నాలుగైదు మిల్లీసెకన్లలో నిలకడగా వస్తూ, బయటి జవాబు ఒక్కటే తడబడుతుంటే రౌటర్ అవతల చూసుకోవాలి. ఫైబర్ పెట్టె మీద ఎల్‌ఓఎస్ ఎర్ర లైటు (ఫైబర్‌లో సిగ్నల్ రావడం లేదని గుర్తు) వెలిగితే ఇక అనుమానమే లేదు, కంప్లైంట్ ఇవ్వాల్సిందే. అలా కాక, పక్కగదిలో ఉన్న రౌటరే జవాబివ్వడానికి రెండు మూడు వందల మిల్లీసెకన్లు తీసుకుంటుంటే తప్పు గాలిలో, అంటే వైఫైలోనే ఉంది. అపార్ట్‌మెంట్లలో రాత్రిపూట బాధ చాలాసార్లు ఈ రెండో రకమే.

గీతలు చెప్పేది రౌటర్ గొంతు ఎంత గట్టిగా వినిపిస్తోందన్నది మాత్రమే. మాట్లాడటానికి మీకు సందు దొరుకుతోందా లేదా అన్నది వాటికి తెలియదు. అసలు కథంతా ఆ సందు గురించే.

నలుగురు కూర్చున్నచోట ఇద్దరు ఒకేసారి నోరు తెరుస్తారు, ఇద్దరూ ఆగుతారు, "మీరు చెప్పండి" అంటే "లేదు లేదు, మీరే చెప్పండి" అనుకుంటారు. వైఫై నడిచేది సరిగ్గా ఈ మర్యాద మీదే. ఒక ఛానెల్ (రౌటర్, ఫోన్ మాట్లాడుకునే రేడియో దారి) మీద ఒక్కసారి ఒక్కరే మాట్లాడాలి. ఫోన్ ముందు చెవి పెట్టి వింటుంది. నిశ్శబ్దం దొరికినా వెంటనే మొదలుపెట్టదు. 0 నుంచి 15 లోపు గుడ్డిగా ఒక అంకె అనుకుని, అంకెకు 9 మైక్రోసెకన్ల చొప్పున వెనక్కి లెక్కపెడుతుంది. ఎవరి లెక్క ముందు ముగిస్తే వాళ్లు మాట్లాడతారు, మిగతావాళ్లు లెక్క అక్కడే ఆపి ఊరుకుంటారు. ఇద్దరి లెక్కా ఒకేసారి ముగిసిందా, రెండు మాటలూ కలిసిపోతాయి. "విన్నాను" అనే చిన్న జవాబు రాలేదు కాబట్టి మాట చేరలేదని ఇద్దరికీ తెలుస్తుంది. ఈసారి 0 నుంచి 31 లోపు అంకె అనుకుంటారు. మళ్లీ తప్పితే 63, ఆపైన 127, అలా 1023 దాకా. అంటే గుద్దుకున్న కొద్దీ మర్యాద పెరుగుతుంది, ఆలస్యమూ పెరుగుతుంది.

ఇది ఎంత తెలివైన ఏర్పాటో 1971లో హవాయి దీవుల మధ్య నార్మన్ అబ్రామ్సన్ బృందం నడిపిన అలోహానెట్ అనే రేడియో నెట్‌వర్క్‌ను చూస్తే తెలుస్తుంది. అందులో వినడమనేది లేదు, ఎవరికి తోచినప్పుడు వాళ్లు పంపడమే. ఆ పద్ధతిలో ఛానెల్ సామర్థ్యంలో 18 శాతానికి మించి పనికి రాదని లెక్క తేలింది.

మర్యాదకూ ఒక హద్దుంది. ఇద్దరు ఒకేసారి అంకె అనుకుంటే గుద్దుకునే అవకాశం 16లో ఒకటి, అంటే 6 శాతం. ఐదుగురైతే 15 శాతం. పదిమందైతే 28 శాతం. రాత్రి ఎనిమిదికి పైన, కింద, పక్కన ఉన్న ఫ్లాట్లన్నీ కలిసి ఎంతమందో ఊహించుకోండి. ఇలాంటి లెక్కను ఇంటర్ పిల్లలకు సంభావ్యత పాఠంలో ఇస్తే ఎంత బాగుంటుందో! పాచికలు, పేకముక్కలు దాటి మనం బయటికి రావడమే లేదు.

నెమ్మదిగా మాట్లాడేవాళ్లు ఇంకో సమస్య. 1500 బైట్ల ప్యాకెట్‌ను (ఒక విడతలో పంపే డేటా ముక్క) సెకనుకు 54 మెగాబిట్ల వేగంతో పంపడానికి 0.22 మిల్లీసెకను చాలు. దూరంగా ఉన్న పాత ఫోన్ 1 మెగాబిట్‌కు దిగిపోతే అదే ప్యాకెట్‌కు 12 మిల్లీసెకన్లు. అంతసేపూ అందరూ నోరు మూసుకోవాలి. పైగా ప్రతి రౌటరూ సెకనుకు దాదాపు పదిసార్లు "నేనిక్కడున్నాను" అని చెబుతుంది, వైఫై పాత బ్యాండ్ అయిన 2.4 గిగాహెర్ట్జ్‌లో చాలావరకు ఆ 1 మెగాబిట్ వేగంతోనే. ఆ ప్రకటన 250 బైట్లనుకుంటే 2.2 మిల్లీసెకన్లు. ఒకే ఛానెల్ మీద ఇరవై రౌటర్లు వినిపిస్తుంటే, ఎవరూ ఏ వీడియో చూడకుండానే 40 శాతానికి పైగా సమయం హరించుకుపోయినట్టే. నెట్‌వర్క్ పేరు దాచినా ఆ ప్రకటన ఆగదు. గెస్ట్ నెట్‌వర్క్ పెడితే రెండవుతాయి.

రౌటర్‌ను ఆఫ్ చేసి ఆన్ చేస్తే బాగుపడుతుందని అందరూ అంటారు. కొన్నిసార్లు నిజమే, దానికి కారణమూ ఉంది. ఛానెల్ ఆటోలో ఉంటే చాలా రౌటర్లు ఆన్ అయ్యేటప్పుడు చుట్టూ విని, ఖాళీగా ఉన్నదాన్ని ఎంచుకుంటాయి. కానీ పొద్దున ఖాళీగా ఉన్న ఛానెల్ రాత్రికి ఖాళీగా ఉండదు. రేడియేషన్ పీల్చేస్తాయని అమ్మే స్టిక్కర్లకు మాత్రం ఏ కారణమూ లేదు. అవి నిజంగా పీల్చేస్తే ముందు పోయేది మీ సిగ్నలే.

2.4లో ఛానెల్‌ను మీరే పెడితే 1, 6, 11లోనే పెట్టండి. 1 మీద, 6 మీద జనం ఉన్నారని 3కి వెళ్లడం పెద్ద పొరపాటు. ఛానెళ్ల మధ్య దూరం 5 మెగాహెర్ట్జ్, ఒక్కోటి ఆక్రమించేది 20. ఒకే ఛానెల్‌లో ఉన్న పొరుగు మాటను మీ రౌటర్ మైనస్ 82 డీబీఎమ్ (సిగ్నల్ బలానికి కొలత, మైనస్ అంకె పెరిగేకొద్దీ బలం తక్కువ) దగ్గరే గుర్తుపట్టి ఆగుతుంది. సగం సగం కలిసిన ఛానెల్‌లో ఆ మాట దానికి అర్థం కాదు, ఉత్త రొదగా వినిపిస్తుంది. రొద మైనస్ 62 దాటితే గానీ అది ఆగదు. ఈ తేడా 20 డెసిబెల్స్, అంటే శక్తిలో వంద రెట్లు. అందుకే 3లో ఉన్న రౌటర్ ఇటు 1 వాళ్ల మాటకూ, అటు 6 వాళ్ల మాటకూ అడ్డం పడుతుంది. 2.4లో ఛానెల్ వెడల్పు 40 మెగాహెర్ట్జ్ అని ఉంటే 20కి మార్చండి.

ఈ మర్యాద అసలే తెలియనిది మైక్రోవేవ్ ఓవెన్. అదీ 2.45 గిగాహెర్ట్జ్ దగ్గరే పనిచేస్తుంది. మామూలు ఓవెన్‌లో తరంగాలు పుట్టించే మాగ్నెట్రాన్ మన 50 హెర్ట్జ్ కరెంటులో సగం చక్రమే వెలిగి, 10 మిల్లీసెకన్లు అరిచి 10 మిల్లీసెకన్లు ఊరుకుంటుంది. అన్నం వేడి చేసేటప్పుడు కాల్ ముక్కలుముక్కలుగా వినిపించడానికి కారణం ఆ అరుపే.

కాబట్టి ల్యాప్‌టాప్‌ను, కొత్త ఫోన్లను 5 గిగాహెర్ట్జ్‌కి మార్చండి. 2018లో మన దేశంలో ఆ బ్యాండ్‌లో చాలా భాగం లైసెన్సు లేకుండా వాడుకోవడానికి వచ్చింది, ఇరవైకి పైగా ఛానెళ్లు దొరుకుతాయి. గోడలు దాటలేదన్నది దాని లోపమని అంటారు గానీ, పొరుగువాళ్ల గోలను మీ ఇంట్లోకి రానివ్వనిది కూడా ఆ బలహీనతే కదా. టీవీకి ల్యాన్ కేబుల్ వేసేయండి, ఇంట్లో ఎక్కువసేపు మాట్లాడేది అదే. బెడ్‌రూమ్‌కి సిగ్నల్ అందకపోతే రిపీటర్ కొనకండి. సాధారణ రిపీటర్ ప్రతి మాటనూ అదే ఛానెల్ మీద రెండోసారి చెబుతుంది, అసలే కరువైన సమయం సగమైపోతుంది. దానికి బదులు కేబుల్ లాగి రెండో రౌటర్‌ను యాక్సెస్ పాయింట్‌గా (కేబుల్‌లో వచ్చిన నెట్‌ను వైఫైగా పంచేదిగా) పెట్టి, వేరే ఛానెల్ ఇవ్వండి. రెంటికీ ఒకే ఛానెల్ ఇస్తే మీ రౌటర్లే ఒకదానికొకటి దారి ఇచ్చుకుంటూ కూర్చుంటాయి.