చైన్ సెట్టు ఇంట్లోనే మార్చుకోవడం: మా షెడ్డులో వినే అపోహలు, అసలు సంగతులు

ఒంగోలులో మా షెడ్డుకు చీమకుర్తి గ్రానైట్ క్వారీల వైపు బళ్లూ వస్తాయి, కొత్తపట్నం సముద్రం వైపు బళ్లూ వస్తాయి. చీమకుర్తి బండి చైన్ ముట్టుకుంటే రాతిపొడి, ఆయిలు కలిసిన బూడిదరంగు ముద్ద వేళ్లకు అంటుకుంటుంది. కొత్తపట్నం బండి చైనేమో ఉప్పుగాలికి ఎర్రగా తుప్పు పట్టి ఉంటుంది. చైన్ సెట్టు, అంటే చైనూ, దాన్ని ముందూ వెనకా పట్టుకునే పళ్ల చక్రాలూ (స్ప్రాకెట్లు) మార్చడం నాకు రోజూ ఉండే పనే. ఈమధ్య కుర్రాళ్లు వీడియోలు చూసి ఇంట్లోనే మార్చుకుంటున్నారు, పనిలో పనిగా స్ప్రాకెట్ పళ్లు కూడా తగ్గించి, పెంచి చూస్తున్నారు. చేసుకోండి, పెద్ద విద్యేమీ కాదు. కాకపోతే ఇంట్లో చేసి చివరికి నా దగ్గరికి తోసుకొచ్చే బళ్లలో ఎక్కువగా కనిపించేది ఒకటే తప్పు: చైన్ మరీ బిగించెయ్యడం.

అపోహ: చైన్ ఎంత టైట్‌గా ఉంటే బండి అంత బాగా లాగుతుంది.

ఒక తమ్ముడు కొత్త సెట్టు తనే వేసుకుని వచ్చాడు. "అన్నా, కొత్త చైనే, కానీ ముందు వైపు నుంచి కుయ్యిమని ఏడుస్తోంది" అన్నాడు. డబుల్ స్టాండ్ వేసి, కింది చైన్‌ను మధ్యలో వేలితో పైకి నొక్కా. తంబూరా తీగలా ఉంది, కదల్లేదు. "లూజుగా ఉంటే ఊడిపోద్దేమోనని టైట్ చేశానన్నా" అన్నాడు.

చైన్‌కు లూజు ఎందుకో చెప్తా. వెనక చక్రం తనను పట్టుకునే స్వింగ్ ఆర్మ్ అనే ఇనుప చేతి మీద పైకీ కిందకీ ఊగుతుంది. గుంతలో పడ్డప్పుడో, వెనక ఫీడ్ బస్తా వేసినప్పుడో షాకులు నొక్కుకుని ముందు స్ప్రాకెట్‌కూ వెనక ఇరుసుకూ మధ్య దూరం కొంచెం పెరుగుతుంది. ఆ పెరిగే దూరానికి సరిపడా లూజు చైన్‌లో ముందే ఉండాలి. లేకపోతే ఆ లాగుడంతా గేర్‌బాక్సు షాఫ్టు బేరింగు మీద పడుతుంది. ఆయిల్ సీలు కారడం మొదలవుతుంది, తర్వాత బేరింగు అరుస్తుంది. చైన్ సెట్టు ఖర్చుతో పోయేది ఇంజిన్ విప్పే దాకా వస్తుంది.

మామూలు 100, 125 సీసీ బళ్లకు కింది చైన్ మధ్యలో పైకీ కిందకీ సుమారు 20 నుంచి 30 మిల్లీమీటర్ల ఆట ఉండాలి. మీ బండికి కచ్చితంగా ఎంతో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. వేలితో అంచనా వద్దు, పిల్లల స్కేలు తెచ్చి కొలవండి. ఒక్కచోట కొలిచి వదిలెయ్యొద్దు. చక్రాన్ని మెల్లగా తిప్పుతూ మూడు నాలుగు చోట్ల చూడండి. ఎక్కడ అన్నిటికంటే టైట్‌గా ఉందో అక్కడి కొలతే లెక్క.

వీడియోల్లో తరచూ వదిలేసేది ఇంకొకటుంది. డ్రమ్ బ్రేకు బళ్లలో చైన్ కోసం చక్రం వెనక్కి జరిపితే బ్రేకు రాడ్డు కూడా లాగబడుతుంది. బ్రేకు పట్టేసి డ్రమ్ము కాలుతుంది. "మైలేజీ పడిపోయింది, కొత్త చైన్ మంచిది కాదు" అంటూ వస్తారు. చైన్‌ది తప్పేముంది? చైన్ సర్దాక బ్రేకు నట్టు కూడా సర్దుకోవాలి. చక్రం చేత్తో తిప్పితే ధారాళంగా తిరగాలి. బ్రేకు ప్లేటును పట్టుకునే రాడ్డు నట్టు, దాని పిన్ను మర్చిపోయారంటే మాత్రం ప్రాణాల మీదికొస్తుంది.

అపోహ: ముందు స్ప్రాకెట్‌లో పన్ను మారిస్తే బండి పవర్ పెరుగుతుంది.

పవర్ ఇచ్చేది ఇంజిన్, పన్ను కాదు. పన్ను మారిస్తే ఒకటి వస్తుంది, ఒకటి పోతుంది. ముందు 14, వెనక 42 అనుకుందాం. ముందు స్ప్రాకెట్ మూడు చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు. ముందు 13 వేస్తే లాగుడు సుమారు 8 శాతం పెరుగుతుంది. కానీ ఇంతకుముందు 60లో వెళ్లేటప్పుడు ఇంజిన్ ఎంత తిరిగేదో, ఇప్పుడు 56లోనే అంత తిరుగుతుంది. 15 వేస్తే దీనికి రివర్సు: అదే ఇంజిన్ స్పీడుకు 64 వస్తుంది, కానీ లాగుడు తగ్గుతుంది.

బస్తాలు, పాల క్యాన్లు వేసుకుని మట్టి రోడ్ల మీద తిరిగేవాళ్లకు 13 బాగానే ఉంటుంది. రోజూ హైవే మీద నెల్లూరు దాకా వెళ్లొచ్చేవాళ్లకు అది గోల. 15 వేస్తే టాప్ స్పీడు పెరుగుతుందని 100 సీసీ బళ్లవాళ్లు నమ్ముతారు. ఎదురుగాలిలో ఇద్దరు కూర్చుంటే ఆ బండి టాప్ గేరులో లాగలేక మూలుగుతుంది. గేరు దించాల్సిందే. ఇక పెరిగే మైలేజీ ఎక్కడ?

ముందు ఒక పన్ను, వెనక మూడు పళ్లకు ఇంచుమించు సమానం. అందుకే ముందు రెండు పళ్లు ఒకేసారి మార్చొద్దంటాను. మీటరు రీడింగు ముందు చక్రం నుంచి తీసుకునే బండికి తేడా రాదు. గేర్‌బాక్సు నుంచి తీసుకుంటే మీటరు తప్పు చూపిస్తుంది. పళ్ల లెక్కొక్కటే చూసి స్ప్రాకెట్ కొనొద్దు. 428 సైజు చైన్‌కు 520 సైజు స్ప్రాకెట్ కూర్చోదు, లోపలి గాడులూ బండి బండికీ వేరు. పాతది చేత పట్టుకునే షాపుకు వెళ్లండి.

అపోహ: చైన్ ఒక్కటి మారిస్తే చాలు, స్ప్రాకెట్లు ఇంకా బాగానే ఉన్నాయి.

చైన్ సాగింది అంటాం గానీ ఇనుప పట్టీలు సాగవు. లోపల పిన్నులు, బుష్షులు అరిగి ఒక్కో లింకు మధ్య ఎడం పెరుగుతుంది. ఆ పెరిగిన ఎడానికి తగ్గట్టు స్ప్రాకెట్ పళ్లు కూడా అరిగి కొడవలి మొనల్లా వంగుతాయి. వాటి మీద కొత్త చైన్ వేస్తే అదీ త్వరగా పాతబడుతుంది. వెనక స్ప్రాకెట్ చివర చైన్‌ను పట్టుకుని వెనక్కి లాగండి. సగం పన్ను బయటికి కనిపిస్తే సెట్టు మొత్తం మార్చాల్సిందే. విప్పారు కాబట్టి వెనక చక్రం మధ్యలో ఉండే హబ్బు రబ్బర్లు కూడా చూడండి, చితికితే మార్చేయండి.

అపోహ: ఇంజిన్ నుంచి తీసిన నల్ల ఆయిలు చైన్‌కు చాలు.

చాలదు. అందులో ఇనుప రజను ఉంటుంది. దానికి క్వారీ దుమ్ము తోడైతే గరుకు కాగితంతో రుద్దినట్టే. కిరోసిన్‌తో కడిగి, తుడిచి, ఆరాక 90 నంబర్ గేర్ ఆయిలు వెయ్యండి. పెద్ద బళ్లకుండే, లింకుల్లో రబ్బరు రింగులున్న ఓ-రింగ్ చైన్లకు పెట్రోలు, వైరు బ్రష్షు తగలనివ్వొద్దు, రబ్బరు పాడవుతుంది. ఇంజిన్ ఆన్ చేసి గేరు వేసి తిరిగే చైన్‌ను గుడ్డతో తుడవడం మాత్రం ఎవరూ చెయ్యొద్దు. గుడ్డ చిక్కుకుంటే వేలు కూడా వెళ్తుంది. ఇంజిన్ ఆపి, చేత్తో చక్రం తిప్పుకుంటూ తుడవండి.

బంగారు రంగు చైన్ గట్టిదనే మాట కూడా వింటుంటా. ఆ రంగు పై పూత, కాస్త తుప్పు ఆపుతుంది, అంతే.

ఇక విప్పే వరస. ముందు స్ప్రాకెట్‌కు ఒకే పెద్ద నట్టున్న బళ్లలో, చైన్ ఉండగానే వెనక బ్రేకు తొక్కిపట్టి ఆ నట్టు లూజు చెయ్యాలి. చైన్ తీసేశాక తిరుగుతుందే గానీ ఊడదు. చైన్ రెండు కొసలనూ కలిపే లాకు వేసేటప్పుడు క్లిప్పు మూసిన వైపు చైన్ వెళ్లే దిక్కుకు ఉండాలి, అంటే పై చైన్‌లో బండి ముందువైపుకు. తిరగేసి పెడితే ఏ రాయో తగిలి క్లిప్పు ఎగిరిపోతుంది. చక్రం వంకర చూడటానికి స్వింగ్ ఆర్మ్ మీది గీతలనే నమ్మకండి. వెనక కూర్చుని ఒక కన్ను మూసి చైన్ తిన్నగా ఉందో లేదో చూడండి.

కొత్త చైన్ మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో కాస్త లూజవుతుంది. నకిలీది అంటగట్టారని షాపు మీదికి పోకండి. మళ్లీ ఆ స్కేలే తీసి కొలవండి.