గోడ ఒక ఊళ్లో, కోత పక్క ఊళ్లో

నెల్లూరు, ప్రకాశం జిల్లాల తీరంలో ఇన్నాళ్లూ ఇసుక ఒడ్డే రేవు. ఫైబర్ బోటు అల మీద ఒడ్డుకు రాగానే నలుగురూ పట్టి పైకి లాగేస్తే సరిపోయేది. ఇప్పుడు లెక్క మారుతోంది. ముత్తుకూరు మండలంలో కృష్ణపట్నం పోర్టు 2008 నుంచి నడుస్తోంది. బోగోలు మండలం జువ్వలదిన్నెకు ఫిషింగ్ హార్బర్ వచ్చింది, గుడ్లూరు మండలం రామాయపట్నంలో పోర్టు పనులు మొదలయ్యాయి. సరదా పడవలు నిలిపే మెరీనా మాత్రం ఇక్కడ ఇంకా లేదు. కొచ్చిలోని బోల్గట్టిలో ఉంది కాబట్టి, టూరిజం పేరుతో ఆ మాట రేపోమాపో ఇక్కడికీ రాకపోదు. మెరీనా అయినా చేపల రేవు అయినా సముద్రం మీద పడే ప్రభావం చాలావరకు ఒకటే: నీళ్లలోకి రాళ్ల గోడలు, వాటి మధ్య నిలిచిన నీరు, ఆ నీటి మీద వరసగా పడవలు. అందుకే కట్టకముందే నిబంధనల గురించి మాట్లాడుకోవడం మంచిది.

అన్నిటికన్నా ముందు తెలుసుకోవాల్సింది ఇసుక సంగతి. మైపాడు బీచ్‌లో మన కాళ్ల కింద ఉన్న ఇసుక అక్కడే స్థిరంగా ఉండేది కాదు. నైరుతి రుతుపవనాల కాలంలో అలలు దక్షిణం వైపు నుంచి ఏటవాలుగా వచ్చి ఒడ్డును తాకుతాయి. వచ్చేటప్పుడు ఇసుకను ఏటవాలుగా పైకి నెడతాయి, వెనక్కి జారేటప్పుడు నేరుగా కిందికి లాగుతాయి. అంటే ప్రతి అలతోనూ ఇసుక రేణువు కాస్త ఉత్తరానికి జరుగుతుంది. ఈశాన్య రుతుపవనాల్లో ఇదే పని తలకిందులై ఇసుక దక్షిణానికి నడుస్తుంది. సంవత్సరం మొత్తం మీద చూస్తే ఉత్తరానికి పోయేదే ఎక్కువ. ఈ ప్రయాణానికి అడ్డంగా గోడ కడితే దక్షిణం వైపు ఇసుక మేట వేస్తుంది, ఉత్తరం వైపు ఒడ్డుకు అందాల్సిన వాటా అందదు. అల తన కోటాను ఎలాగూ తీసుకుంటుంది. ఒడ్డున ఇసుక లేకపోతే సరుగుడు తోటను, రోడ్డును, చివరికి ఇళ్లను కోసుకుపోతుంది.

దీనికి రుజువు మద్రాసులో ఉంది. 1870ల్లో అక్కడ హార్బర్ గోడలు మొదలయ్యాక దక్షిణాన మెరీనా బీచ్ వెడల్పయింది, ఉత్తరాన రాయపురం వైపు తీరం కోతకు గురై రాళ్లు పోయాల్సి వచ్చింది. పుదుచ్చేరిలోనూ 1980ల చివర్లో గోడలు కట్టాక ఊరి బీచే కొట్టుకుపోయింది. విశాఖలో డ్రెడ్జర్‌తో తోడిన ఇసుకను తెచ్చి ఆర్కే బీచ్ మీద పోస్తున్నారు. మన తీరానికి ఇంకో ఇబ్బంది కూడా ఉంది. పెన్న తెచ్చే ఇసుకలో చాలా భాగం సోమశిల డ్యామ్ వెనకే ఆగిపోతుంది, దిగువన ఇసుక తవ్వకాలు సరేసరి. ఇచ్చే నది చెయ్యి బిగించిన చోట అడ్డుగోడ కూడా కడితే, ఉత్తరాన ఉన్న ఊరికి రెండు వైపులా దెబ్బ.

అందువల్ల నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన షరతు ఒకటే. గోడకు దక్షిణాన పేరుకున్న ఇసుకను ఏటా తోడి ఉత్తరం వైపు పోయాలి. దాన్ని ఇసుక బైపాసింగ్ అంటారు. ఇది గోడ కట్టి చేతులు దులుపుకునే పని కాదు, హార్బర్ ఉన్నన్నాళ్లూ ఏటా డబ్బు పెట్టాల్సిన పని. ఆ డబ్బు మొదటి రోజే ప్రాజెక్టు అంచనాలో కనపడాలి. లేదంటే ఆ ఖర్చును ఉత్తరపు పల్లెపాలెం ఇళ్ల రూపంలో కడుతుంది.

మన దేశంలో తీరానికి సంబంధించిన పెద్ద నిబంధన సీఆర్‌జెడ్ (కోస్టల్ రెగ్యులేషన్ జోన్) నోటిఫికేషన్. 1991లో మొదటిది, 2011లో రెండోది, 2019 జనవరిలో మూడోది వచ్చాయి. ఇవన్నీ 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం కింద జారీ అయినవే. పోటు గరిష్ఠంగా చేరే గీత నుంచి నేల వైపు 500 మీటర్లు దీని పరిధి. ఉప్పుటేరుల వెంట 2019 నోటిఫికేషన్ ప్రకారం 50 మీటర్లు లేదా ఏరు వెడల్పు, ఏది తక్కువైతే అది. కండలేరు ఉప్పుటేరు లాంటి చోట సముద్రం ప్రభావం ఎక్కడిదాకా అంటే, బాగా ఎండిన కాలంలో వెయ్యి భాగాల నీటికి ఐదు భాగాల ఉప్పు ఉన్నంత వరకు. మడ అడవులు, తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లు అత్యంత సున్నితమైన మొదటి తరగతిలోకి వస్తాయి. ఇక 2006 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం, నిర్ణీత పరిమితికి మించి చేపలు దిగే హార్బర్‌కి ముందస్తు పర్యావరణ అనుమతి తప్పనిసరి.

అనుమతి వచ్చాక గోడల మధ్య ఏం జరుగుతుందనేది వేరే కథ. ఇక్కడ మన తీరం స్వభావాన్ని పట్టించుకోవాలి. గుజరాత్‌లోని ఖంభాత్ సింధుశాఖలో పోటుకూ పాటుకూ మధ్య నీటి మట్టం తేడా 10 మీటర్లు దాటే రోజులున్నాయి. మన దగ్గర పౌర్ణమి, అమావాస్యలకే అది సుమారు మీటరు. పోటు మీద నాలుగున్నర మీటర్ల లోతున్న బేసిన్‌ను, అంటే గోడల మధ్య పడవలు నిలిచే నీటి భాగాన్ని ఊహించండి. మీటరు దిగితే బయటికి పోయేది ఐదో వంతుకు కాస్త ఎక్కువ. అందులోనూ కొంత మళ్లీ పోటుతో అదే దారిన లోపలికి వస్తుంది. మూలల్లో ఉన్న నీరైతే వాడని కోనేరులా రోజుల తరబడి కదలదు. 30 డిగ్రీల వేడి సముద్రపు నీరు లీటరుకు దాదాపు 6 మిల్లీగ్రాముల ఆక్సిజన్ మాత్రమే పట్టి ఉంచుకోగలదు. చేపల వ్యర్థాలు, మురుగు కుళ్లే కొద్దీ అదీ తరిగిపోతుంది. స్నానాలకు వాడే తీరజలాల్లో 4 మిల్లీగ్రాములైనా ఉండాలని మన ప్రమాణాలు చెబుతాయి, హార్బర్ నీటికి 3 చాలంటాయి. ఆ మూడు కూడా నిలవాలంటే మూలలు గుండ్రంగా ఉండాలి, నీరు ఆగిపోయే చివరలు ఉండకూడదు, అవసరమైన చోట గోడలో నీరు పారే తూములు పెట్టాలి. ఇవి డిజైన్ కాగితం మీదే తేలాలి. కట్టిన తర్వాత సరిచేయడం చాలా కష్టం.

పడవల్లోని మురుగు గురించి అంతర్జాతీయ ఒప్పందం మార్పోల్ ఉంది. శుద్ధి చేయని మురుగును తీరానికి 12 నాటికల్ మైళ్ల లోపు వదలకూడదు. అయితే ఆ నియమం వర్తించేది 400 టన్నులు, అంతకు మించిన ఓడలకు, లేదా పదిహేను మందికి మించి ఎక్కే అనుమతి ఉన్నవాటికి. చిన్న సరదా పడవలు ఆ వలలో పడవు. కాబట్టి మెరీనాయే పడవ ట్యాంకులోని మురుగును పైపుతో పీల్చుకునే ఏర్పాటు పెట్టాలి, వాడినవాళ్లకే లోపల చోటు ఇవ్వాలి. ప్లాస్టిక్ విషయంలో మాత్రం ఏ పడవకూ మినహాయింపు లేదు.

పడవ అడుగుకు వేసే రంగు సంగతి మనవాళ్లకు అంతగా తెలియదు. ఒడ్డుకు లాగిన బోటు అడుగు ఎండకు ఆరిపోతుంది కాబట్టి దానికి బార్నకిల్స్ అనే పెంకు జీవులు పెద్దగా పట్టవు. అదే బోటు రాత్రింబవళ్లు హార్బర్ నీటిలోనే ఉంటే కొన్ని వారాల్లోనే అడుగంతా గరగరలాడే తెల్లటి పెంకులు అతుక్కుంటాయి. బోటు బరువెక్కుతుంది, డీజిల్ ఎక్కువ తాగుతుంది. అందుకని వాటిని చంపే విషం కలిపిన రంగు వేస్తారు. ఒకప్పుడు ఆ విషం ట్రైబ్యూటైల్‌టిన్. లీటరు నీటిలో నానోగ్రాముల మోతాదు ఉన్నా కొన్ని జాతుల ఆడనత్తలకు మగ అవయవాలు మొలిచాయి. ఫ్రాన్స్‌లోని ఆర్కాషోన్ తీరంలో ఆయిస్టర్ల (తినే ఆల్చిప్పల) పెంపకం కుప్పకూలింది. ఆ దేశం 1982లో 25 మీటర్ల లోపు పడవలకు దాన్ని ఆపేసింది. 2008 నుంచి ప్రపంచవ్యాప్త నిషేధం అమల్లోకి వచ్చింది. ఇప్పుడు ఎక్కువగా వాడేది రాగి కలిసిన రంగులు, అవీ పూర్తిగా నిరపాయం కావు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ 61 రోజుల్లోనే బోట్ల అడుగు గీకి రంగులు వేస్తారు. ఎర్రటి పొడి, పెచ్చులు ఇసుకలో రాలి తర్వాతి పోటుతో నీళ్లలో కలుస్తాయి. గీకే పని కాంక్రీటు గచ్చు మీదే జరగాలి, ఆ కడుగునీరు తొట్టిలో నిలిచి తేరాలి. పెద్ద ఖర్చు కూడా కాదు.

లైట్ల గురించి ఒక మాట. చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన ఒడ్డున గుడ్లు పెడతాయి. సుమారు 50 రోజులకు పిల్లలు రాత్రి పూట బయటికొచ్చి వెలుతురు ఎక్కువున్న వైపు నడుస్తాయి. జెట్టీ మీద తెల్లటి ఫ్లడ్‌లైట్లు ఉంటే సముద్రం వదిలి రోడ్డెక్కుతాయి. కిందికి వంచిన నారింజ రంగు లైట్లు వాడితే ఈ నష్టం చాలావరకు తప్పుతుంది.

ఇవన్నీ ఎవరు అడగాలి? ప్రజాభిప్రాయ సేకరణ జరపాల్సిన ప్రాజెక్టు అయితే కాలుష్య నియంత్రణ మండలి కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి, పర్యావరణ ప్రభావ నివేదిక సారాంశాన్ని తెలుగులోనూ అందుబాటులో పెట్టాలి. ఆ సభకు గోడ కట్టే ఊరివాళ్లే వస్తే సరిపోదు. జువ్వలదిన్నెలో సభ అయితే దానికి ఉత్తరాన ఉన్న పల్లెలు, రామాయపట్నంలో అయితే పాకల వైపు పల్లెలు రావాలి. వాళ్లు అడగాల్సిన ప్రశ్న చాలా సూటిది: మా ఒడ్డును ఏటా వానకాలానికి ముందు, తర్వాత ఎవరు కొలుస్తారు, తగ్గితే ఎంత ఇసుక పోస్తారు? జవాబు అనుమతి పత్రంలో షరతుగా రాయించుకోవాలి. ఆ తర్వాత ఏటా జూన్ 1కి, డిసెంబర్ 1కి షరతుల అమలు నివేదిక ఇవ్వడం యాజమాన్యం బాధ్యత. అది బహిరంగ పత్రం. గ్రామ సచివాలయం ద్వారా అయినా, సమాచార హక్కు దరఖాస్తుతో అయినా తెప్పించుకుని, అందులోని ఒడ్డు కొలతను ఊళ్లో కొలిచిన దానితో పోల్చి చూడాలి.