హరప్పావాళ్ళు మాయం కాలేదు, ఊళ్ళు మారారు: పాతకాలపు కరువుల మీద అపోహలు - వాస్తవాలు

నేను చేసేది పురావస్తు వృక్షశాస్త్రం. పేరు పెద్దదే గానీ పని మాత్రం మట్టి కడగడం. తవ్వకంలో వచ్చిన మట్టిని నీళ్ళ తొట్టెలో పోసి కలియబెడితే, వేల ఏళ్ళ కిందట ఎవరి పొయ్యిలోనో మాడిపోయిన గింజలు పైకి తేలతాయి, వాటిని వడకట్టి ఆరబెట్టి మైక్రోస్కోపు కింద పెట్టి అది ఏ పంటో చూస్తాం. విశాఖలో ఎవరికైనా ఇది చెప్తే రెండే మాటలు వినిపిస్తాయి. "పాపం ఆ కాలపువాళ్ళకేం తెలుసు, వానలు పోయాయి, పోయారు" అనేది ఒకటి, "మనవాళ్ళకి అప్పట్లోనే అన్నీ తెలుసండీ" అనేది ఇంకోటి. రెండూ తప్పే.

అపోహ: కరువొచ్చి హరప్పా నాగరికత ఒక్కసారిగా అంతరించింది.

కరువు నిజమే. మేఘాలయలో చిరపుంజి దగ్గర మామ్లూ గుహ ఉంది. అక్కడ చుక్క చుక్కగా కారిన నీటితో పెరిగిన సున్నపురాతి దిమ్మ పొరల్లో, సుమారు 4,200 ఏళ్ళ కిందట వానలు బలహీనపడిన గుర్తు కనిపిస్తుంది. ఆ గుర్తునే ఆధారంగా తీసుకుని 2018లో భూగర్భ శాస్త్రవేత్తలు అప్పటినుంచి ఇప్పటిదాకా ఉన్న కాలానికి 'మేఘాలయన్' అని పేరు పెట్టారు. తేడా అంతా ఆ 'ఒక్కసారిగా' అనే మాట దగ్గరే. పెద్ద నగరాలు ఖాళీ కావడానికి తరాలు పట్టింది, అదే కాలంలో తూర్పున హర్యానా, పశ్చిమ ఉత్తరప్రదేశ్ వైపు చిన్న చిన్న పల్లెలు పెరుగుతూ వచ్చాయి. పైగా వీళ్ళకి చలికాలం గోధుమ, బార్లీ తెలుసు, వానాకాలం చిరుధాన్యాలూ తెలుసు, అంటే రబీ, ఖరీఫ్ రెండూ చేతిలో ఉన్న రైతులన్నమాట. కొత్తగా ఏదో కనిపెట్టనక్కర్లేదు, ఉన్నవాటిలో తక్కువ నీళ్ళ పంట వాటా పెంచుకుంటే సరిపోయింది.

ధోలావీరా చూడండి. గుజరాత్‌లో కచ్ రాన్ మధ్య, ఏడాది పొడుగునా పారే నది లేని చోట, వానాకాలంలో మాత్రమే పారే రెండు వాగులకి అడ్డుకట్టలు వేసి ఊరి చుట్టూ పెద్ద పెద్ద జలాశయాలు తవ్వారు. అంత చేసిన నగరం కూడా చివరికి చిక్కిపోయింది, ఆఖరి దశలో అదే చోట గుండ్రటి గుడిసెలు వేసుకుని బతికారు. ఆ క్రమంలోనే ముద్రలు, లిపి, ఒకే కొలతలో చేసిన తూకపు రాళ్ళు కనుమరుగయ్యాయి. రైతు గట్టెక్కాడు, ముద్రలు చెక్కేవాడి పని పోయింది. సర్దుకోవడం అంటే అందరూ సుఖంగా సర్దుకున్నారని కాదు, ఈ ముక్క ఎవరూ అడగరు.

అపోహ: తెలుగువాళ్ళు మొదటినుంచీ వరి అన్నమే తిన్నారు.

లేదండి. దక్కనులో మొదటి రైతుల ఊళ్ళ మట్టి కడిగితే తేలేవి అండుకొర్రలు, ఉలవలు, పెసలు. నాలుగు వేల ఏళ్ళ పైబడిన మాట. అన్నీ వానాధారపు పంటలే, ఉలవలకైతే ఒకట్రెండు వానలు తప్పినా పెద్ద ఇబ్బంది లేదు. వీళ్ళకి పశువులు కూడా ఎక్కువే. పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో (ఆదిలాబాద్ ఉట్నూరు కాదు) పేడ కుప్పలు కాల్చగా మిగిలిన బూడిద దిబ్బ ఉంది, తవ్వితే అందులో పశువుల గిట్టల ముద్రలు కూడా దొరికాయి. పంట పోయిన ఏడాది మందని మేత ఉన్నవైపు తోలుకుపోవచ్చు, అది కూడా ఒకరకం బీమానే. ఇప్పుడు అదే అండుకొర్రలు విశాఖ ఎంవీపీ కాలనీలో అందమైన ప్యాకెట్లో కొంటున్నాం, రేటు చూస్తే నాకే టెన్షన్ వస్తుంది.

అపోహ: పూర్వీకులు ప్రకృతితో కలిసి బతికారు, తప్పులు చేయలేదు.

కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు వేయించాడు. మంచి చెరువుకి ఉండాల్సిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు అందులో రాశారు: కట్ట నుంచి నీళ్ళు ఊరడం, చవుడు నేల, చెరువు మధ్యలో మెరక, నీళ్ళు తక్కువ ఉండి ఆయకట్టు ఎక్కువవడం, నీళ్ళు ఎక్కువ ఉండి నేల చాలకపోవడం, రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండడం. (ఆఖరిదానికి నేను వ్యాఖ్యానం రాయను, కృష్ణా నీళ్ళ వార్తలు మీరూ చదువుతారు.) ఊరికే కూర్చుంటే ఇలాంటి జాబితా రాదు. ఎక్కడో కట్టలు తెగాయి, ఎక్కడో పొలాలు చవుడుబారాయి, ఎవరో దెబ్బ తిన్నారు, అప్పుడు రాశారు.

విశాఖ దగ్గర కొండ మీదున్న పాత బౌద్ధారామం, మన తొట్లకొండ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కొండరాతిలో నీళ్ళ తొట్లు చెక్కారు కాబట్టే దానికి ఆ పేరు, పక్కన బావికొండ పేరులో కూడా నీళ్ళే. దీన్ని కొందరు 'వాతావరణ మార్పుకి ప్రాచీన పరిష్కారం' అని పోస్టులు పెడుతున్నారు. అంత లేదు. నాలుగు నెలలు వాన, ఎనిమిది నెలలు ఎండ, కొండ మీద వాగు లేదు, భిక్షువులు తాగాలి, వండుకోవాలి. చక్కటి ఏర్పాటే, కానీ అది ఏటా వచ్చే ఎండాకాలానికి జవాబు.

అపోహ: వాతావరణం ఎప్పుడూ మారేదే, వాళ్ళు తట్టుకున్నారు, మనమూ తట్టుకుంటాం.

సుమారు 20,000 ఏళ్ళ కిందట సముద్రమట్టం ఇప్పటికన్నా 120 మీటర్ల దాకా కింద ఉండేది. ఆర్కే బీచ్‌లో నిలబడి చూస్తే కనిపించే నీళ్ళ కింద చాలా దూరం అప్పుడు పొడి నేల. భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బల్లో ఆ రాతియుగం మనుషుల పనిముట్లు దొరికాయి. సముద్రం ముందుకొస్తే వాళ్ళు వెనక్కి జరిగారు, గుడిసె ఎత్తుకుంటే అయిపోయింది. మనకి ఒడ్డునే పోర్టు ఉంది, ఉక్కు కర్మాగారం ఉంది, ఇరవై ఏళ్ళ ఈఎంఐ ఉన్న ఫ్లాట్లు ఉన్నాయి. ఈ పోలిక తెచ్చేవాళ్ళు ముందు ఆ ఫ్లాట్ ఎలా ఎత్తుకెళ్తారో చెప్పాలి.

ఎర్రమట్టి దిబ్బలకి వెళ్ళినప్పుడు పదునైన రాయి ముక్క కనిపిస్తే ఫోటో తీసి, చోటు గుర్తు పెట్టుకుని, అక్కడే వదిలేయండి. పొర నుంచి బయటికి తీసి జేబులో వేసుకున్న రాయి ఏ కాలానిదో తర్వాత నేను కూడా చెప్పలేను.