అయిదు కళ్లు, ఒక తొండం: ఒపాబీనియా బొమ్మ చేయడం

50 కోట్ల ఏళ్ల కిందటి జంతువు బొమ్మ చేయాలంటే ముందు తేల్చుకోవాల్సింది దాని మందం. పొడవు, వెడల్పు రాతి మీద కనిపిస్తూనే ఉంటాయి. మందం మాత్రం ఉండదు. జంతువు బురదలో కూరుకుపోయి, ఆ బురద రాయిగా మారేసరికి ఒళ్లంతా పల్చటి పొరలా అణిగిపోయింది. కాగితం మీద గీసేవాళ్లు ఒక నీడ వేసి ముందుకు వెళ్లిపోవచ్చు. ముద్ద పట్టుకుని కూర్చున్నవాళ్లకి ఆ వీలు లేదు. ప్రతి భాగమూ పక్క భాగానికి ఎక్కడో ఒకచోట అతకాలి, ఎక్కడ అతకాలో మనమే తేల్చాలి. శిలాజాల గురించి ఎంత చదివినా రాని స్పష్టత ఇలా ఒక బొమ్మ చేస్తే వస్తుందని నా నమ్మకం.

అందుకు ఒపాబీనియాని మించిన జంతువు లేదు. కెనడాలో బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలోని రాకీ పర్వతాల్లో బర్జెస్ షేల్ అనే రాతి పొరలున్నాయి. వయసు సుమారు 50.8 కోట్ల ఏళ్లు. అమెరికాలోని స్మిత్‌సోనియన్ పరిశోధన సంస్థ అధిపతి చార్లెస్ వాల్కాట్ 1909లో వాటిని గుర్తించాడు, 1912లో ఈ జీవికి ఒపాబీనియా రెగాలిస్ అని పేరు పెట్టాడు. ఒళ్లు పొడవు 4 నుంచి 7 సెంటీమీటర్లు. తల మీద కాడలు, వాటి చివర అయిదు కళ్లు. తల ముందు వంగే తొండం, దాని కొసన ముళ్లున్న పట్టకారు. పదిహేను ఖండాల ఒళ్లు, ప్రతి ఖండానికీ అటూ ఇటూ ఈదడానికి ఒక్కో తెడ్డు. తోక దగ్గర పైకి విచ్చుకున్న మూడు జతల రెక్కలు. కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్త హ్యారీ విటింగ్టన్ 1972లో ఈ రూపాన్ని ఆక్స్‌ఫర్డ్‌లో ఒక సమావేశంలో చూపిస్తే హాలంతా గొల్లుమంది. ఆయన పూర్తి పరిశోధన 1975లో అచ్చయింది.

ఆయన పద్ధతి తెలుసుకుంటే బొమ్మ చేసేవాళ్లకి సగం పని అయినట్టే. బర్జెస్ షేల్ జంతువులు చాలావరకు జారిపడిన బురదలో కొట్టుకొచ్చి, ఎటు పడితే అటు పడి పూడిపోయాయి. ఒకటి బోర్లా పడితే ఇంకొకటి పక్కకి ఒరిగి పడింది. బోర్లా పడినదాంట్లో ఒళ్లు వెడల్పు, తెడ్లు ఎంతదాకా చాచుకున్నాయన్నది తెలుస్తుంది. ఒరిగి పడినదాంట్లో ఒళ్లు ఎత్తు, తోక రెక్కలు లేచిన తీరు, తల కింద పేగు వంపు తిరిగిన చోటు కనిపిస్తాయి. అంటే మన బొమ్మ వెడల్పు ఒక శిలాజం నుంచి, ఎత్తు ఇంకో శిలాజం నుంచి వస్తాయి. వేరు వేరు జంతువుల కొలతలు కలిపి ఒకే ఒళ్లు కట్టడమన్నమాట. అణిగిపోయిన అవయవాల మధ్య సన్నటి బురద పొర మిగిలి ఉంటుంది. విటింగ్టన్ పై భాగాన్ని సన్నని పనిముట్లతో కొంచెం కొంచెంగా తొలిచి, కింద ఏముందో చూశాడు. అంతకుముందు చాలామంది దీన్ని రొయ్యల బంధువు అనుకున్నారు కాబట్టి, తల కింద కీళ్లున్న కాళ్లు దొరకాలి. దొరకలేదు.

ఇక చేతిపని. ఆరు సెంటీమీటర్ల జంతువుని అయిదు రెట్లు పెంచితే ఒళ్లు 30 సెంటీమీటర్లు వస్తుంది. అంతకంటే చిన్నగా చేస్తే వివరాలు వేళ్లకి అందవు. ముందు గ్రాఫ్ కాగితం మీద పై నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి గీసుకోవాలి. రెండింట్లోనూ ఖండాల గీతలు ఒకేచోట పడాలి. లోపలి ఎముకలాగా మందపాటి అల్యూమినియం తీగ, దాని చుట్టూ నలిపిన ఫాయిల్, పైన ఎం-సీల్ పొర. ఎం-సీల్ రెండు ముద్దలూ రంగు చారలు పోయేదాకా పిసకాలి, లేకపోతే అక్కడక్కడా మెత్తగానే ఉండిపోతుంది. చేతులకి గ్లౌజులు తప్పనిసరి. ఎక్కువ కలిపి పెట్టుకుంటే సగంలోనే గట్టిపడి టెన్షన్ పెడుతుంది, రెండు మూడు ఖండాలకి సరిపడా కలుపుకుంటే చాలు.

నాకు బాగా ఇష్టమైన భాగం తొండం. దాని మీద దగ్గర దగ్గరగా అడ్డ గీతలు ఉంటాయి, అందుకే అది ఎటైనా వంగగలిగిందని అనుకుంటాం. ఎం-సీల్ మీద చాకుతో అన్ని గీతలు గీస్తే సమంగా రావు. మోటారు వైండింగ్ చేసే షాపులో సన్నని రాగి తీగ అడిగితే ఇస్తారు. కొంచెం మందమైన తీగ మీద దాన్ని వరస తప్పకుండా, చుట్టు పక్కన చుట్టు ఆనుకునేలా చుట్టుకుంటూ పోతే గీతలు వాటంతటవే వస్తాయి, తొండం కూడా వంగుతుంది. పొడవు ఒంట్లో సుమారు మూడో వంతు, అంటే మన కొలతలో 10 సెంటీమీటర్లు.

ఇప్పుడు అసలు పరీక్ష. ఒపాబీనియా నోరు ముందుకి లేదు, తల కింద వెనక్కి తిరిగి ఉంది. విటింగ్టన్‌కి ఈ సంగతి తెలిసింది పేగు వంపు వల్లనే. తొండాన్ని కిందికి మడిచి వెనక్కి తిప్పితే పట్టకారు నోటిదాకా చేరాలి. చేరకపోతే మన బొమ్మ ఆకలితో చచ్చినట్టే. తొండం బిగించేముందు ఈ మడత చూసుకోవాలి. ముద్దలో తలని కాస్త లావు చేసినా, తొండం మొదలుని కాస్త ముందుకి జరిపినా పట్టకారు నోటికి అందదు. ఈ జంతువు తిండి ఎలా తినేదో వర్ణన చదివితే బుర్రకి ఎక్కుతుంది. తీగ వంచి, కొస నోటికి తగిలినప్పుడు మాత్రం ఆ తల ఆకారానికి కారణమే అర్థమవుతుంది.

కళ్లకి గాజు పూసలు చాలు. వెనక అంచుల్లో ఒక జత, ముందు ఒక జత, మధ్యలో పొట్టి కాడ మీద ఒకటి. తెడ్లకి పల్చటి ప్లాస్టిక్ షీటు కత్తిరించి, వేడి నీళ్లలో ముంచి వంపు తిప్పుకోవచ్చు. ముప్ఫై తెడ్లూ ఒకే పొడవుండవు, చివరలకి వెళ్లేకొద్దీ తగ్గుతాయి.

మొప్పల దగ్గర పేచీ మొదలవుతుంది. తెడ్ల దగ్గర సన్నని గీతలున్న పొరలు కనిపిస్తాయి. అవి తెడ్డు పైభాగాన్ని కప్పి ఉంటాయని విటింగ్టన్ అన్నాడు, వెనక అంచుకి అతుక్కుని ఉంటాయని తర్వాత కొందరు వాదించారు. కింది వైపు గొడవ ఇంకా పెద్దది. ఒళ్లు మధ్య గీత వెంట చిన్న చిన్న త్రికోణాలు కనిపిస్తాయి. అవి కీళ్లు లేని మెత్తటి కాళ్లని శాస్త్రవేత్త గ్రాహమ్ బడ్ 1996లో అన్నాడు. కాదు, అవి పేగు పక్కకి పొడుచుకొచ్చిన సంచులని జాంగ్, బ్రిగ్స్ అనే శాస్త్రవేత్తలు 2007లో రాశారు. కాళ్లేనని బడ్, డేలీ 2012లో మళ్లీ వాదించారు. నేనైతే కాళ్ల వైపే మొగ్గుతాను. అయినా వాటిని అంటించేయను. ఒళ్లు కింద చిన్న రంధ్రాలు పెట్టి, కాళ్లని గుండుసూదులకి అమర్చితే తీసి పెట్టుకోవచ్చు. చూసేవాళ్లు రెండు వాదాలనీ వేళ్లతోనే పోల్చుకోగలరు.

రంగు గురించి రాయి ఏమీ చెప్పదు. బొమ్మల్లో తరచూ కనిపించే మెరిసే నీలం, నారింజ చూస్తే నాకు చికాకు. చూడగానే అది తెలిసిన సంగతే అన్న భ్రమ కలుగుతుంది. పైన కొంచెం ముదురు, కింద లేత బురద రంగు వేసి, అది ఊహేనని పీట మీద రాసేస్తే నిజాయితీగా ఉంటుంది. ఆ పక్కనే 1912, 1975, 1996 అని ఏయే భాగం ఎవరి మాట మీద చేశామో కూడా రాయాలి. ఉప్పు కాగితంతో నునుపు చేసేటప్పుడు తడిపి రుద్దితే దుమ్ము ముక్కులోకి పోదు.

ఇది పూర్తయ్యాక దీనికో తోడు చేద్దామనుకునేవాళ్లకి యుటారోరా ఉంది. అమెరికాలో యూటా రాష్ట్రంలో దొరికిన ఈ శిలాజాన్ని 2008లో వేరే గుంపులో చేర్చారు. 2022లో మళ్లీ పరిశీలించి ఒపాబీనియా దగ్గరి చుట్టమని తేల్చారు. తోక రెక్కలు దీనికి మూడు జతల కంటే ఎక్కువ. తల మాత్రం సరిగ్గా నిలవలేదు, తొండం కనిపించదు. ఒపాబీనియా తొండాన్నే దీనికీ తగిలించడం తేలిక, కానీ అలా చేయకూడదు. మెడ దగ్గర రాతి రంగు ముద్దతో ఆపేసి, ఒళ్లూ తోకా మాత్రమే చేయాలి.