వెంటిలేటర్ల గురించి అపోహలు - వాస్తవాలు: గాలి నెట్టడం తేలిక, కొలవడమే కష్టం

నేను బయోమెడికల్ ఇంజనీరును. వెంటిలేటర్లలో గాలి ప్రవాహాన్ని కొలిచి, అదుపు చేసే భాగాల రూపకల్పన నా పని. ఇంట్లో ఒకరిని వెంటిలేటర్ మీద పెట్టారని తెలియగానే మిగిలినవారిని కమ్ముకునే భయంలో కొంత జబ్బు తీవ్రత వల్ల కలిగేది, కొంత యంత్రం గురించి సరిగా తెలియకపోవడం వల్ల కలిగేది. ఆ రెండో భాగాన్ని తగ్గించాలన్నదే ఈ వ్యాసం రాయడంలో నా ఉద్దేశం.

అపోహ: వెంటిలేటర్ అంటే ఆక్సిజన్ ఇచ్చే యంత్రం.

సిలిండరు గానీ కాన్సెంట్రేటరు గానీ ఆక్సిజన్‌ను ముక్కు దాకా తెస్తాయి; దాన్ని లోపలికి పీల్చుకోవలసింది రోగే. పీల్చే కండరాలు అలసిపోయినప్పుడు, మత్తులో ఉన్నప్పుడు, ఊపిరితిత్తులు బిగుసుకుపోయి ప్రతి శ్వాసా బరువైనప్పుడు, ఆ శ్రమను తన మీద వేసుకునేది వెంటిలేటర్. మామూలు గాలిలో ఉండే 21 శాతం ఆక్సిజన్‌తోనూ అది పనిచేయగలదు, అవసరాన్ని బట్టి 100 శాతం దాకా పెంచనూ గలదు. అయితే ఆక్సిజన్ రక్తంలోకి చేరే పని ఎప్పటిలాగే ఊపిరితిత్తుల్లోని వాయుగోణుల్లోనే, అంటే అతి చిన్న గాలి సంచుల్లోనే జరగాలి. అందువల్ల వెంటిలేటర్ న్యుమోనియాను నయం చేయదు. మందులు పనిచేసి శరీరం కోలుకునేదాకా రోగిని నిలబెడుతుంది.

అపోహ: గాలి ఎంత ఎక్కువగా పంపితే అంత మేలు.

2000లో అమెరికాలో 861 మంది రోగులతో జరిగిన ఒక అధ్యయనం ఈ అభిప్రాయాన్ని పూర్తిగా మార్చివేసింది. ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిన్నవారిలో కొందరికి శ్వాసకు కిలోకు 12 మిల్లీలీటర్ల చొప్పున, మరికొందరికి 6 మిల్లీలీటర్ల చొప్పున గాలి ఇచ్చి చూస్తే, మొదటి వర్గంలో 39.8 శాతం మంది, రెండో వర్గంలో 31 శాతం మంది మరణించారు. ఇక్కడ కిలో అన్నది రోగి అసలు బరువును బట్టి లెక్కించేది కాదు, ఎత్తును బట్టి లెక్కగట్టేది. ఎందుకంటే మనిషి లావెక్కినంత మాత్రాన ఊపిరితిత్తులు పెద్దవి కావు. 165 సెంటీమీటర్ల పురుషుడు 60 కిలోలున్నా, 90 కిలోలున్నా, 6 మిల్లీలీటర్ల లెక్కన శ్వాసకు అందవలసింది సుమారు 370 మిల్లీలీటర్లే.

పీడనం విషయమూ ఇంతే. ఊపిరితిత్తుల్లో పీడనం 30 సెంటీమీటర్ల నీటి మట్టానికి మించకుండా చూడడం ఇప్పటి పద్ధతి. స్ట్రాను 30 సెంటీమీటర్ల లోతున నీటిలో ముంచి, అడుగు నుంచి బుడగ రావడానికి ఎంత బలంగా ఊదాలో ఆ ఒత్తిడి అంతే. ఆసుపత్రి గోడలోని ఆక్సిజన్ గొట్టంలో ఉండే పీడనం మాత్రం సుమారు 4 బార్లు (బార్ అన్నది పీడనానికి మరో కొలమానం), అంటే ఆ పరిమితికి వంద రెట్లకు పైన. ఈ రెండింటికీ నడుమ నిలిచి, మిల్లీసెకన్లలో తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండే వాల్వు పొరపడకూడదు. మా వృత్తిలో అసలు కష్టం ఇక్కడే మొదలవుతుంది.

అపోహ: అంబు బ్యాగును, అంటే చేత్తో నొక్కి రోగికి గాలి పంపే సంచిని, మోటారుతో నొక్కిస్తే అదే వెంటిలేటర్.

2020లో కోవిడ్ మొదలైనప్పుడు ప్రపంచమంతటా ఎందరో ఇలాంటి నమూనాలు తయారు చేశారు. వారి తపనను నేను మనసారా గౌరవిస్తాను. పైగా వారి వాదనకు చరిత్రలో ఒక బలమైన ఆధారం ఉన్నట్లే కనిపిస్తుంది. 1952లో కోపెన్‌హేగన్‌లో పోలియో విజృంభించినప్పుడు, అక్కడి బ్లెగ్‌డామ్ ఆసుపత్రిలో మత్తు వైద్యుడు బ్యోర్న్ ఇబ్సెన్ సూచన మేరకు రోగుల గొంతుకు రంధ్రం చేసి గొట్టం అమర్చారు. సుమారు 1,500 మంది వైద్య విద్యార్థులు వంతులవారీగా రబ్బరు సంచులను చేతులతో నొక్కుతూ వారికి ఊపిరి పోశారు. చేయి చేసిన పనిని మోటారు ఎందుకు చేయలేదన్న ప్రశ్న సహజమే.

చేయి నొక్కడంతో సరిపెట్టుకోదు, తెలుసుకుంటుంది కూడా. గొట్టంలో కఫం అడ్డుపడితే సంచి గట్టిపడటం, రోగి తానే పీల్చబోతే అది మెత్తబడటం వేళ్లకు తెలుస్తాయి, కళ్లు ఛాతీని గమనిస్తూనే ఉంటాయి. సెన్సర్లు లేని మోటారుకు ఇవేవీ తెలియవు. సంచి నుంచి బయలుదేరిన గాలంతా రోగికి చేరిందా అన్నదీ తెలియదు: గొట్టాలు పీడనానికి సాగి, ప్రతి సెంటీమీటరు పీడనానికి సుమారు 2 మిల్లీలీటర్లు తమలోనే ఉంచుకుంటే, 25 సెంటీమీటర్ల దగ్గర 50 మిల్లీలీటర్లు రోగికి అందవు. 370లో 50 చిన్న లోటు కాదు. నిమిషానికి 20 చొప్పున రోజుకు 28,800 సార్లు నలిగే సంచి ఎంతకాలం మన్నుతుందన్నది మరొక ప్రశ్న.

వెంటిలేటర్‌లో అందుకే ప్రవాహాన్ని, పీడనాన్ని కొలిచే సెన్సర్లుంటాయి. గాలి వదలడం రోగి ఊపిరితిత్తుల సహజ బిగువుతో జరుగుతుంది. యంత్రం దారి తెరిచి, వాయుగోణులు ముడుచుకుపోకుండా 5 సెంటీమీటర్లో, అంతకన్నా ఎక్కువో పీడనాన్ని మిగిల్చి ఆపుతుంది. ఆస్తమా రోగి పూర్తిగా వదలకముందే తరువాతి శ్వాసను తోస్తే లోపల గాలి పేరుకుపోయి, గుండెకు రక్తం చేరడం కూడా కష్టమవుతుంది.

సెన్సరు ఉండగానే సరిపోదని నాకు నేర్పింది ఒక పరీక్ష. వేడి తేమ చేరిన గొట్టంలో నీరు నిలిచి అటూ ఇటూ కదులుతుంటే, మేము తయారు చేస్తున్న నమూనా ఆ కదలికను రోగి శ్వాస ప్రయత్నంగా భావించి అడగని శ్వాసలు ఇస్తూ పోయింది. బల్ల మీద ఉన్నది కృత్రిమ ఊపిరితిత్తి గనుక ఎవరికీ హాని కలగలేదు. ఆ రోజు నుంచి ఏ నమూనానైనా గొట్టంలో నీళ్లు పోసి చూడనిదే నేను అంగీకరించను.

అపోహ: అలారం మోగితే యంత్రం చెడిపోయినట్లే.

చాలాసార్లు రోగి దగ్గినా, గొట్టం మడతపడినా, కఫం చేరినా అలారం మోగుతుంది. నర్సును పిలవండి, మీటలు మాత్రం ముట్టుకోవద్దు.

అపోహ: వెంటిలేటర్ ఎక్కినవారు తిరిగి రారు.

పూర్తి మత్తు ఇచ్చి చేసే శస్త్రచికిత్సల్లో రోజూ ఎందరో కొన్ని గంటలు యంత్రం సాయంతో శ్వాసించి, ఆ తరువాత మామూలుగా ఇంటికి వెళ్తున్నారు. ఐసీయూలో ఉన్నవారి పరిస్థితి వేరు. అక్కడ జబ్బు తీవ్రతే ఫలితాన్ని ఎక్కువగా నిర్ణయిస్తుంది. అయినా కోలుకుంటున్న రోగికి సాయాన్ని కొద్దికొద్దిగా తగ్గించి, అరగంట నుంచి రెండు గంటల దాకా అతి తక్కువ సాయంతో సొంతంగా శ్వాసింపజేసి చూసే పద్ధతి ఉంది. మీవారు ఐసీయూలో ఉంటే డాక్టరుగారిని రెండు అంకెలు అడగండి: ఈ రోజు ఎంత శాతం ఆక్సిజన్ ఇస్తున్నారు, శ్వాస చివర ఎంత పీడనం ఉంచుతున్నారు. నిన్నటి అంకెల పక్కన వాటిని పెట్టి చూస్తే, ఊపిరితిత్తులు ఎటు వెళ్తున్నాయో మీకూ కొంత అర్థమవుతుంది.