పొగను తూచేదెలా?

చిరంజీవులు బుజ్జికీ, చిన్నూకీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో బుజ్జి, "తాతయ్యా, కంటికి కనపడని కార్బన్ డయాక్సైడ్‌ని టన్నుల్లో ఎలా చెబుతారు? ఎవరు తూచారు?" అని అడిగింది. అటు కుక్కర్ విజిల్, ఇటు మీ అమ్మమ్మ కేకలు. సగంలో పెట్టేశాను. తీరిగ్గా రాస్తున్నా.

ఎవరూ తూచరు! పెద్ద పెద్ద కరెంటు ప్లాంట్ల చిమ్నీల్లో పొగను కొలిచే పరికరాలు ఉంటాయి గానీ, మా వీధి చివరి టిఫిన్ హోటల్‌కి అవెక్కడివి? పెళ్లిలో ఎంతమంది తిన్నారో తెలియాలంటే ఎంగిలి విస్తళ్లు లెక్కపెడతాం. ఇక్కడ విస్తళ్లు గాలిలో కలిసిపోయాయి. అందుకని ఎసట్లో ఎన్ని బియ్యం పోశారో చూసి లెక్క కడతారు. అంటే గ్యాస్ మీటరు చూస్తారన్నమాట.

ఆ హోటల్‌కి ఇప్పుడు నీలం సిలిండర్లు లేవు, పైపు గ్యాసే. పోయిన నెల ఒకటో తారీకున ఒకసారి, ఈ నెల ఒకటిన ఒకసారి వెళ్లి మీటరు చూశాను. మొదట 04312206, తర్వాత 04932518. తీసివేస్తే 620312. ఒక ఘనపు మీటరు గ్యాస్ కాలితే దాదాపు 1.9 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది కదా అని గుణించి, "నెలకి 1,178 టన్నులండీ" అన్నాను. ఓనర్ దోసె తిప్పడం ఆపి, "మాస్టారూ, మాది టిఫిన్ సెంటరా, ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషనా?" అన్నాడు. మళ్లీ కళ్లజోడు పెట్టుకుని చూస్తే, చివరి మూడు అంకెలు ఎర్రగా ఉన్నాయి. అవి దశాంశాలు! వాడింది 620 ఘనపు మీటర్లే. అంటే 1,178 కిలోలు. ముప్పై ఏళ్లు కెమిస్ట్రీ చెప్పినవాడికి వెయ్యి రెట్లు తప్పొచ్చింది. మీ అమ్మమ్మకి చెప్పకండి.

ఆ 1.9 ఎక్కడిదంటారా? పైపులో వచ్చేది సహజవాయువు, అందులో ఎక్కువ భాగం మీథేన్. ఒక కార్బన్, నాలుగు హైడ్రోజన్లు. మంటలో హైడ్రోజన్లు నీటి ఆవిరి అవుతాయి. చల్లటి గిన్నె పొయ్యి మీద పెట్టగానే అడుగున చెమ్మ పడుతుంది చూశారా, అదే. కార్బన్ మాత్రం గాలిలోంచి రెండు ఆక్సిజన్లను తగిలించుకుంటుంది. 12 గ్రాముల కార్బన్‌కి 32 గ్రాముల ఆక్సిజన్. అందుకే 16 గ్రాముల మీథేన్ కాలితే 44 గ్రాముల కార్బన్ డయాక్సైడ్. తిన్నదానికంటే బరువైన విస్తరి! బరువంతా గాలిదే.

ఇంకో చిక్కుంది. గ్యాస్ వేడికి ఉబ్బుతుంది. 40 డిగ్రీల బెజవాడ ఎండలో, అదే గ్యాస్ 15 డిగ్రీల్లో ఉన్నప్పటికంటే తొమ్మిది శాతం దాకా ఎక్కువ చోటు తీసుకుంటుంది. అందుకే బిల్లుల్లో ఎస్‌సీఎం అని రాస్తారు. స్టాండర్డ్ క్యూబిక్ మీటరు అన్నమాట: 15 డిగ్రీల వేడి, మామూలు వాతావరణ పీడనం దగ్గర కొలిచినట్టు సరిచేసిన లెక్క.

చిన్నూ, మీ న్యూజెర్సీలో బిల్లు థెర్మ్‌లలో వస్తుంది, అంటే గ్యాస్ ఇచ్చే వేడిని కొలిచే లెక్క. ఒక్కో థెర్మ్‌కి దాదాపు 5.3 కిలోలు వేసుకో. అక్కడి ప్రభుత్వ లెక్కల్లో హోటళ్లూ షాపులతో పాటు మీ స్కూలూ, ఆస్పత్రులూ, చర్చిలూ అన్నీ 'కమర్షియల్' కిందికే వస్తాయి. చలికాలంలో మీ స్కూలు గదులు వెచ్చబెట్టడానికి గ్యాస్ ఎంత తాగుతుందో! మా హోటల్‌కి ఆ బాధ లేదు, మాఘమాసమైనా రోహిణి కార్తె అయినా ఇడ్లీకి పట్టేది అంతే.

సిలిండర్ కంటే ఇది నయమేనా అని ఓనర్ అడిగాడు. నయమే, కొంచెం. 19 కిలోల సిలిండర్ కాలితే 57 కిలోల దాకా వస్తుంది. అంతే వేడి పైపు గ్యాస్‌తో తెచ్చుకుంటే 50 చిల్లర. కానీ ఈ లెక్క కాలిన గ్యాస్‌కే. మీటరు దాటాక ఎక్కడైనా లీకైతే, కాలకుండా పోయిన మీథేన్ అదే బరువు కార్బన్ డయాక్సైడ్ కంటే నూరేళ్లలో దాదాపు 30 రెట్లు వేడెక్కిస్తుంది. మీటరుకి కాలిందేదో, కారిందేదో తేడా తెలీదు. నాకు ఇదే అసలు చిరాకు. ఓనర్‌తో చెప్పి రబ్బరు గొట్టం కొత్తది వేయించాను, మొహమాటానికి ఒక పెసరట్టు తిని వచ్చాను.

బుజ్జీ, మీ హాస్టల్ వంటశాలకి పైపు గ్యాసే అన్నావుగా? వార్డెన్‌ని అడిగి మీటరు ఫొటో తీసి పంపు, నెల తర్వాత ఇంకొకటి. నల్ల అంకెలు మాత్రమే చదవాలి సుమా.

ఉంటాను,
తాతయ్య